కైట్ రన్నర్ మీద సెమినార్ పేపర్: ‘కథ చెప్పావు, వాదన ఏదీ?’ అన్నారు. ఏం మార్చాలి?

ఎంఏ_ఫైనల్

అందరికీ నమస్కారం. ఎంఏ ఇంగ్లీష్ సెమినార్ పేపర్‌కి ఖాలెద్ హొస్సేనీ ‘ద కైట్ రన్నర్’ (2003) తీసుకున్నాను. టాపిక్: అపరాధ భావన, నమ్మకద్రోహం, ప్రాయశ్చిత్తం. 3,000 పదాలు, ఎంఎల్ఏ పద్ధతి. తర్వాత పది నిమిషాల ప్రెజెంటేషన్, వైవా.

సినాప్సిస్‌లో నేను రాసిన వరస ఇది: చిన్నప్పుడు అమీర్ తన స్నేహితుడు హసన్‌కి ద్రోహం చేశాడు, ఇరవై ఆరేళ్లు లోలోపల కుమిలిపోయాడు, చివరికి కాబూల్ వెళ్లి హసన్ కొడుకుని కాపాడి పాపం కడుక్కున్నాడు. గైడ్ మేడమ్ పక్కన ‘ఇది కథ, వాదన కాదు’ అని రాసి వెనక్కి పంపారు. ఇందులో తప్పేముందో తెలియట్లేదు.

ఏ అధ్యాయాలు గట్టిగా చదవాలి? కోట్స్ ఎన్ని పెట్టాలి? వైవాలో ఏం అడుగుతారు? మూడు వారాల టైముంది.

మార్జిన్_నోట్సు

మేడమ్ అన్నది నిజమే. మీరు రాసిన మూడు ముక్కలూ అమీర్ తన గురించి తాను చెప్పుకునేవే. 16వ అధ్యాయం ఒక్కటి అమీర్ తండ్రి స్నేహితుడు రహీం ఖాన్ గొంతులో వస్తుంది, మిగతా నవలంతా అమీర్ నోటి మాటే. నిందితుడూ అతనే, సాక్షీ అతనే, తీర్పు చెప్పేదీ అతనే. అతని మాటను ఉన్నదున్నట్టు దించేస్తే సారాంశం అవుతుంది. అతను చెప్పినదానికీ చేసినదానికీ ఎక్కడ పొసగలేదో చూపిస్తే వాదన అవుతుంది.

ముందు ‘ద్రోహం’ అనే మాటను విడగొట్టండి. అమీర్ హసన్‌కి చేసింది ఒక ద్రోహం కాదు.

మొదటిది 7వ అధ్యాయం. 1975 చలికాలం, గాలిపటాల పోటీ. తెగిపోయిన నీలం గాలిపటాన్ని పట్టుకున్న హసన్‌ని ఆసెఫ్ అనే రౌడీ కుర్రాడి ముఠా సందులో అడ్డగిస్తుంది. గాలిపటం ఇచ్చేస్తే వదిలేస్తామంటారు, హసన్ ఇవ్వడు. అక్కడ జరిగిన అఘాయిత్యాన్ని అమీర్ మూల మీద నిలబడి చూస్తాడు, చూసి పారిపోతాడు. చాలా పేపర్లు ఇక్కడ ‘భయంతో పారిపోయాడు’ అని ఒక ముక్క రాసేసి ముందుకెళ్లిపోతాయి. ఆ పేరా చివరిదాకా చదవండి. పిరికితనం అనేది తనను తాను నమ్మించుకున్న కారణమని అమీరే ఒప్పుకుంటాడు. అసలు కారణం ఇంకా నీచమైనది: తండ్రి (అందరూ బాబా అంటారు) మెప్పు పొందడానికి ఆ గాలిపటం కావాలి, దానికి చెల్లించాల్సిన ధర హసన్ అయ్యాడు. పిరికివాణ్ణయితే బాగుండునని కోరుకునే పరిస్థితి అతనిది! మీ మొదటి సెక్షన్‌కి ఈ ఒక్క పేరా చాలు. అదే అధ్యాయంలో బలికి సిద్ధమైన గొర్రె కళ్ల ప్రస్తావన వస్తుంది. దాన్నీ ఇదే లెక్కతో కలిపి చదవాలి.

రెండోది 9వ అధ్యాయం. పదమూడో పుట్టినరోజుకి బాబా ఇచ్చిన కొత్త వాచీ, కానుకల్లో వచ్చిన డబ్బు తీసుకెళ్లి, దొంగ ముద్ర వేయడానికి హసన్ పరుపు కింద పెడతాడు. మొదటి తప్పు చేయకపోవడం వల్ల వచ్చింది, ఇది చేసి చూపించినది. సందులో ఆలోచించడానికి క్షణాలే ఉన్నాయి. ఇక్కడ ఇంటి పనివాడు అలీ, అతని కొడుకుగా పెరిగిన హసన్ బజారుకి వెళ్లేదాకా కాచుకుని కూర్చున్నాడు. అంతకుముందే 8వ అధ్యాయంలో కొత్త పనివాళ్లను పెట్టుకుందామా అని బాబాని అడిగి తిట్లు తిన్నాడు. అంటే ఇది ఆవేశం కాదు, మొదటి దారి మూసుకుపోయాక వెతుక్కున్న రెండో దారి. నా లెక్కలో నవలకు అసలు కీలు ఇక్కడే ఉంది, సందులో కాదు.

మూడోది దాచడం. 12వ అధ్యాయంలో, అమెరికాలో అమీర్ చేసుకోబోయే సొరయా పెళ్లికి ముందే తన గతం చెప్పేస్తుంది. అమీర్ చెప్పడు. ఎప్పుడు చెప్తాడు? 24వ అధ్యాయంలో, ఇస్లామాబాద్ నుంచి ఫోన్లో, పెళ్లయిన పదిహేనేళ్లకి. ఈ మూడింటినీ వేర్వేరుగా పెడితే ‘ఇరవై ఆరేళ్లు కుమిలిపోయాడు’ అనే మాట దానంతటదే బలహీనపడుతుంది. కుమిలిపోవడం ఒకటి, కప్పిపుచ్చుకోవడం ఒకటి. ఆ ఇరవై ఆరేళ్లలో రెండోదే ఎక్కువ.

ఇక ‘పాపం కడుక్కున్నాడు’ సంగతి. 22వ అధ్యాయం మళ్లీ తీయండి. కాబూల్‌లో హసన్ కొడుకు సొహ్రాబ్ చిక్కింది ఇప్పుడు తాలిబాన్ అయిన ఆసెఫ్ చేతికే. వేళ్లకు తొడుక్కున్న ఇత్తడి పంచ్‌తో అతను చితకబాదుతుంటే అమీర్ నవ్వుతాడు. ఒళ్లు విరిగింది గానీ మనసు కుదుటపడిందంటాడు. సరే, అతనికి కుదుటపడింది. మరి సొహ్రాబ్‌కి? అమీర్‌ని ప్రాణాలతో బయటపడేసింది సొహ్రాబే, ఉండేలుతో ఆసెఫ్ ఎడమ కన్ను కొట్టి. 5వ అధ్యాయంలో హసన్ ఇదే ఆసెఫ్‌కి ఉండేలు గురిపెట్టి, ఒంటికన్ను ఆసెఫ్ అనే పేరొస్తుందని బెదిరించి అమీర్‌ని కాపాడాడు. కాపాడటానికి వెళ్లినవాడు మళ్లీ ఆ ఇంటి పిల్లాడి చేతే కాపాడబడ్డాడు. ఇందులో విముక్తి ఎంత, పాత అప్పు పెరగడం ఎంత? మీ పేపర్ అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇంతటితో ఆగదు. సొహ్రాబ్‌ని మళ్లీ అనాథాశ్రమంలో పెట్టనని అమీర్ మాటిస్తాడు. 24వ అధ్యాయంలో వీసా చిక్కుల వల్ల, లాయర్ సలహా మీద, కొన్నాళ్లు ఆశ్రమంలో ఉండాలేమోనంటాడు. పిల్లాడు స్నానాల గదిలో మణికట్టు కోసుకుంటాడు. అదే రాత్రి సొరయా ఫోన్ చేస్తుంది, వీసాకి వేరే దారి దొరికిందని. అంటే ప్రాయశ్చిత్తం చేస్తున్న మనిషి, ఆ ప్రయాణంలోనే, హసన్ కొడుక్కి ఇచ్చిన మాట తప్పాడు. 2007లో వచ్చిన సినిమాలో ఈ ఆత్మహత్యా ప్రయత్నం లేదు. సినిమా గుర్తుపెట్టుకుని రాసిన పేపర్లు దాదాపు అన్నీ ‘కడుక్కున్నాడు’ దగ్గర ఆగిపోయేది అందుకే. మీరూ సినిమా చూసి ఉంటే, పేపర్ అయ్యేదాకా దాన్ని పక్కన పెట్టండి.

పదకోశం

మార్జిన్ గారు సీన్ల సంగతి చెప్పారు కాబట్టి నేను మాటల సంగతి చెప్తాను. పేపర్ ఇంగ్లీషులోనే రాస్తారు, కానీ ఆలోచన తెలుగులో సాగుతుంది కదా. మీరు టాపిక్‌లో పెట్టిన తెలుగు మాటలే మిమ్మల్ని పక్కదారి పట్టించాయని నా అనుమానం.

ప్రాయశ్చిత్తం అనగానే మనకు నిర్ణయించిన క్రియ ఒకటి ఉంటుంది: ఇంత దానం, ఇన్ని రోజుల ఉపవాసం, అయిపోయింది. లెక్క చెల్లు. విమోచన అంటే తెలుగు బైబిల్లో విమోచకుడు చేసేది, బయటి నుంచి ఒకరు వచ్చి విడిపించడం. పశ్చాత్తాపం మూడోది: పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట. క్రియ ఏమీ లేదు, మంట మాత్రమే ఉంది. ఇంగ్లీషులోనూ ఈ మూడింటికీ వేర్వేరు మాటలున్నాయి (అటోన్‌మెంట్, రిడెంప్షన్, రిపెంటెన్స్), వాటిని కలిపేయకండి.

నవలకు దగ్గరగా ఉండే మాట ఇస్లాం సంప్రదాయంలోని తౌబా. ఆ మాటకు మూలార్థం వెనక్కి తిరగడం, మరలి రావడం. రహీం ఖాన్ మొదటి అధ్యాయంలో ఫోన్లో అనే మాట కూడా ఇదే పోలికలో ఉంటుంది: మళ్లీ మంచివాడిగా మారడానికి ఒక దారి ఉందని. ఆ ‘మళ్లీ’ని వదిలేయకండి. ఒకప్పుడు మంచివాడిగా ఉన్నవాడికే ‘మళ్లీ’ వర్తిస్తుంది. అమీర్ ఒకప్పుడు అలా ఉన్నాడా? సందు ఘటనకు చాలా ముందే, 4వ అధ్యాయంలో, చదువురాని హసన్‌ని తెలియని మాటలతో ఆట పట్టించడం ఉంది, అర్థం అడిగితే తప్పు చెప్పడం ఉంది. ఒక పేరా దీనికి కేటాయించండి.

రహీం ఖాన్ ఉత్తరం (23వ అధ్యాయం) చెప్పే సూత్రం వేరు: అపరాధ భావన మంచి పనికి దారితీసినప్పుడే అసలైన విమోచన. అతను ఉదాహరణగా చూపేది బాబాని: బిచ్చగాళ్లకు తిండి, అనాథాశ్రమం కట్టించడం, అన్నీ ఆ మంట నుంచి పుట్టినవే అంటాడు. సూత్రం అందంగా ఉంది గానీ చెప్పినవాణ్ణి కూడా అనుమానించాలి. పెషావర్‌లో పిల్లల కోసం ఆశ్రమం నడుపుతున్న అమెరికన్ దంపతులున్నారని చెప్పి అమీర్‌ని కాబూల్ పంపింది ఈయనే. అలాంటి దంపతులే లేరు! మంచివాడయ్యే దారి అబద్ధంతో మొదలైంది. ‘అబద్ధం చెప్పడమంటే ఎదుటివాడి నిజం తెలుసుకునే హక్కుని దొంగిలించడం’ అని 3వ అధ్యాయంలో బాబా చెప్పిన నవలలో.

బాబా గురించి కూడా. దొంగతనం ఒక్కటే పాపం, మిగతావన్నీ దాని రూపాలే అన్నవాడు, 9వ అధ్యాయంలో హసన్ ‘దొంగిలించాను’ అని ఒప్పుకోగానే క్షమించేస్తాడు. మొదటిసారి చదివేటప్పుడు అది ఉదారత. 17వ అధ్యాయంలో హసన్ బాబా కొడుకేనని తెలిశాక వెనక్కి వచ్చి చదివితే, ఆ క్షమాపణ ఒక తండ్రి భయం. 18వ అధ్యాయంలో అమీర్ తండ్రిని దొంగ అనుకోవడం అందుకే. రెండు ద్రోహాలూ ఒకే ఇంట్లో, ఒకే కుటుంబానికి జరిగాయి: బాబా అలీకి, అమీర్ హసన్‌కి.

ఎంఏ_ఫైనల్

ఇద్దరికీ చాలా థాంక్సండీ. 22వ అధ్యాయంలో ఉండేలు గుర్తుంది గానీ 5తో కలిపి చూడలేదు.

థీసిస్ (పేపర్ ప్రధాన వాదన) ఇలా మార్చాను, చూడండి: ‘కైట్ రన్నర్‌లో అమీర్ విమోచన అసంపూర్ణం, ఎందుకంటే అతను చివరిదాకా తప్పులు చేస్తూనే ఉంటాడు.’ సరిపోతుందా?

మార్జిన్_నోట్సు

దగ్గరకొచ్చారు. కానీ ‘అసంపూర్ణం’ అని రాస్తే ఎగ్జామినర్ మొదటి ప్రశ్న: సంపూర్ణ విమోచన అంటే ఎలా ఉంటుందో చెప్పండి? దానికి మీ దగ్గర జవాబుండదు, నవలలోనూ లేదు. ‘తప్పులు చేస్తూనే ఉంటాడు’ అనేది ఏ నవలలో ఏ మనిషికైనా అంటించవచ్చు. థీసిస్ ఈ పుస్తకానికి మాత్రమే సరిపోవాలి. పేరు మార్చి ఇంకో నవల పేరు పెట్టినా నిలబడితే, ఆ వాక్యం పారేయాల్సిందే.

ఇలా పట్టుకోండి: అమీర్ తన నేరాన్ని వస్తువుల ద్వారా చేస్తాడు, అవే వస్తువుల ద్వారా దాన్ని తిరగరాయాలని చూస్తాడు, కానీ తిరగరాతకు ఎదుటివాడి సమ్మతి ఎప్పుడూ అడగడు. దీనికి నవలలో సాక్ష్యం నాలుగు జతలుగా దొరుకుతుంది.

మొదటి జత వాచీ, డబ్బు. 9వ అధ్యాయంలో పరుపు కింద పెట్టినవి అవే రెండు. 19వ అధ్యాయంలో, కాబూల్ వెళ్లే దారిలో రాత్రి ఆగిన వహీద్ అనే పేదవాడి ఇంట్లో పిల్లలు తన వాచీ వంకే చూస్తున్నారనుకుని ఇచ్చేస్తాడు. తర్వాత తెలుస్తుంది, వాళ్లు చూసింది వాచీని కాదు, అతని ముందున్న తిండిని. ఆ ఇంట్లో పిల్లలు ఆ రాత్రి పస్తు. మర్నాడు వెళ్లేముందు ఎవరూ చూడకుండా పరుపు కింద నలిగిన నోట్లు పెడతాడు. పాత నేరం చేసిన చేతి కదలికే, ఈసారి మంచికి. అయినా ఒక తేడా చూడండి: వాచీ విషయంలో అవతలివాడికి ఏం కావాలో అతను తప్పుగా చదివాడు. హసన్ విషయంలోనూ చేసింది అదే. ఈ రెండు వస్తువులూ రెండు అధ్యాయాల్లోనూ కలిసే రావడం యాదృచ్ఛికం కాదు. పేపర్‌లో ఈ జతకు 500 పదాలైనా ఇవ్వండి.

రెండో జత దానిమ్మ. 8వ అధ్యాయంలో గుట్ట మీద హసన్‌ని దానిమ్మలతో కొడుతూ ‘నన్ను తిరిగి కొట్టు’ అని అరుస్తాడు. హసన్ ఒక పండు తన నుదుటికే నలిపి, తృప్తిగా ఉందా అని అడిగి వెళ్లిపోతాడు. అమీర్ అడిగేది శిక్ష. హసన్ ఇవ్వడు. ఆ బాకీ శిక్షే 22లో ఆసెఫ్ చేతుల మీదుగా అందుతుంది, దెబ్బలు తింటూ అమీర్ గుర్తుచేసుకునేది ఆ గుట్టనే. మూడో జత పెదవి: హసన్ గ్రహణం మొర్రితో పుడతాడు, బాబా డాక్టర్ని పిలిపించి ఆపరేషన్ చేయిస్తాడు. 23లో అమీర్ పై పెదవి సరిగ్గా మధ్యలో చీలుతుంది. ఇది మరీ కొట్టొచ్చినట్టు ఉండే పోలిక, అందరూ రాస్తారు, మీరు రెండు వాక్యాలకు మించొద్దు. నాలుగోది ఉండేలు, పైన చెప్పాను.

జతల్లో దేన్నయినా రాసేటప్పుడు మూడు పనులు: మొదటి సీన్‌లో ఎవరి చేతిలో ఏముంది, రెండో సీన్‌లో అది ఎవరి చేతికి మారింది, ఆ మార్పు వల్ల ఎవరికి లాభం. మూడోది వదిలేస్తేనే పేపర్ మళ్లీ కథ చెప్పడంలోకి జారిపోతుంది.

రెండో_పఠనం

కొంచెం అడ్డం వస్తాను, ఏమీ అనుకోకండి. ఇప్పటిదాకా అందరూ అమీర్ మనసులోనే తిరుగుతున్నారు. అపరాధ భావన అతనిది, విమోచన అతనిది, జతలన్నీ అతనివే. హసన్ ఎక్కడ?

హసన్ హజారా (అఫ్ఘానిస్తాన్‌లో అణచివేతకు గురైన మైనారిటీ జాతి), షియా. అమీర్ పెత్తనం చేసే పష్తూన్ జాతివాడు, సున్నీ. ‘స్నేహితులు’ అని మీరు తేలిగ్గా రాసేశారు. 4వ అధ్యాయం చూడండి: బాబా చిన్ననాటి కథల్లో ఎక్కడా అలీని స్నేహితుడు అనలేదంటాడు అమీర్. తానూ హసన్‌ని మామూలు అర్థంలో స్నేహితుడు అనుకోలేదని ఆ వెంటనే ఒప్పుకుంటాడు. సందులో పారిపోయే ముందు అతని మనసులో మెదిలేది కూడా ‘వాడు హజారానే కదా’ అన్న మాటే. దీన్ని వదిలేసి వ్యక్తిగత పాపం, వ్యక్తిగత ప్రాయశ్చిత్తం అని రాస్తే నవలలో సగం చదవనట్టే. అఫ్ఘాన్ రాజు అబ్దుర్ రహ్మాన్ కాలంలో, 1890ల్లో హజారాల తిరుగుబాట్లను అణచివేయడం, 1998 ఆగస్టులో మజారె షరీఫ్‌లో తాలిబాన్ చేసిన హజారాల ఊచకోత, ఈ రెండు చారిత్రక విషయాలు ఒక పేరాలో పెట్టండి. 2వ అధ్యాయంలో అమీర్ తన తల్లి పుస్తకాల్లో హజారాల చరిత్ర చదివి ఆశ్చర్యపోయే చోటు ఉంది, అక్కడ తగిలించండి. విడిగా ‘చారిత్రక నేపథ్యం’ అని రెండు పేజీలు పోయకండి, అది పదాల లెక్క నింపడం తప్ప ఎందుకూ పనికిరాదు.

హసన్ పాత్ర మీద గట్టి విమర్శ ఒకటుంది: అతను మరీ మంచివాడు. అమీర్ మీద కోపం రాదు, ఎదురు తిరగడు, చివరికి యజమాని ఇల్లు కాపాడబోయి చనిపోతాడు. ద్రోహం చేసినవాడికి లోపలి జీవితం అంతా ఇచ్చి, ద్రోహానికి గురైనవాడికి విధేయత మాత్రమే ఇచ్చింది నవల. దీన్ని పేపర్‌లో మీరే ముందు లేవనెత్తాలి, లేకపోతే వైవాలో వాళ్లు లేవనెత్తుతారు.

జవాబు కూడా నవలలోనే కొంత ఉంది. అమీర్ రాసిన మొదటి కథ: కన్నీళ్లు ముత్యాలయ్యే మాయ గిన్నె దొరికినవాడు ఏడవడం కోసం చివరికి భార్యని చంపుకుంటాడు. విని హసన్ అడిగేది: ఉల్లిపాయ వాసన చూస్తే సరిపోయేది కదా? చదువురాని పిల్లాడు కథలోని పెద్ద లోపం ఒక్క ప్రశ్నతో పట్టేశాడు. ఆ గిన్నె కథ అమీర్ జీవితానికే నమూనా: తనకు కావలసినది దక్కడానికి దగ్గరివాళ్లను బలిపెట్టడం. అదేమీ అవసరం లేదని మొదట చెప్పినవాడు హసన్. అంటే హసన్ లోపల విమర్శకుడు ఉన్నాడు, చెప్పేవాడు అతన్ని ఎక్కువ మాట్లాడనివ్వలేదు. తర్వాత హసన్ సొంత గొంతు మనకు వినపడేది 17వ అధ్యాయంలోని ఉత్తరంలో. అప్పటికి అతను చదవడం, రాయడం నేర్చుకున్నాడు, ఉత్తరం చేరేసరికి బతికి లేడు.

మార్జిన్_నోట్సు

ఒప్పుకుంటున్నాను. ఉల్లిపాయ పాయింట్ నా జతల కంటే మంచిది. దాన్ని ముందుమాట పేరాగా పెట్టి, అక్కడి నుంచి వాచీకి వెళ్లొచ్చు.

పద్యం_వినండి

చిన్ననాటి స్నేహం, హోదా తేడా అనగానే ద్రోణుడు, ద్రుపదుడు గుర్తొస్తారు. ఒక గురువు దగ్గర చదువుకున్నారు, రాజయ్యాక ద్రుపదుడు స్నేహం లేదు పొమ్మన్నాడు. నన్నయ ఆదిపర్వంలో ‘ధనపతితో దరిద్రునకు’ అంటూ మొదలయ్యే పద్యంలో ద్రుపదుడి వాదన అదే: సమానులు కానివాళ్ల మధ్య సఖ్యం ఎలా కుదురుతుందని. పోలిక ఎక్కడ పనికొస్తుందంటే, ద్రుపదుడు సభలో బాహాటంగా అన్న మాటని అమీర్ మనసులో అనుకుంటాడు. ద్రోణుడు పగ తీర్చుకున్నాడు, హసన్ తీర్చుకోలేదు. వైవాలో ‘మన సాహిత్యంలో పోలిక ఉందా’ అని అడిగితే చెప్పడానికి బాగుంటుంది. పేపర్‌లో మాత్రం పెట్టకండి, 3,000 పదాల్లో దానికి చోటు లేదు, సగం చెప్తే అతుకులా ఉంటుంది.

పర్షియన్ ఇతిహాసం షానామా సంగతి మాత్రం పెట్టాలి. అమీర్ హసన్‌కి చదివి వినిపించేది ఫిరదౌసి షానామాలోని రుస్తుం, సొహ్రాబ్ కథ: కొడుకని తెలియక రుస్తుం సొహ్రాబ్‌ని చంపుకుంటాడు. హసన్‌కి ఇష్టమైన కథ అదే, కొడుక్కి పెట్టిన పేరూ అదే. తండ్రి ఎవరో తెలియని కొడుకు ఆ కథని మళ్లీ మళ్లీ చదివించుకున్నాడని రెండో పఠనంలో గానీ తట్టదు. జాషువా ‘ఫిరదౌసి’ చదివినవాళ్లకు ఇంకో సంగతి కూడా తట్టాలి: ఆ కావ్యం నడిచేదీ తప్పిన మాట మీదే, బంగారం ఇస్తానని వెండి పంపిన సుల్తాను మీద. (ఇది నా సరదా. పేపర్‌కి సంబంధం లేదు.)

ఎంఏ_ఫైనల్

ఇప్పుడు దారి కనిపిస్తోంది. కోట్స్, టైము, వైవా గురించి కూడా ఎవరైనా చెప్తారా?

పదకోశం

3,000 పదాలకు పది పన్నెండు కోట్స్ చాలు, ఒక్కోటి ఒక లైనుకి మించకుండా. నాలుగు లైన్లు దాటిన కోట్‌ని ఎంఎల్ఏలో అర అంగుళం లోపలికి జరిపి, కొటేషన్ గుర్తులు లేకుండా పెట్టాలి. అలాంటిది పేపర్ మొత్తానికి ఒక్కటే ఉండాలి. అది 7వ అధ్యాయంలో పారిపోయే పేరా అయితే మంచిది, ఎందుకంటే ఆ వాక్యాల వరసే మీ వాదన. కోట్ అయిపోగానే తర్వాతి వాక్యం ఆ కోట్‌లోని ఒక మాటను పట్టుకుని మాట్లాడాలి. ‘దీన్ని బట్టి అమీర్ బాధ తెలుస్తుంది’ అని రాస్తే ఆ కోట్ వృథా.

పేజీ నంబర్లు ఎడిషన్‌ని బట్టి మారతాయి. గైడ్ దగ్గరున్న కాపీ, మీ కాపీ ఒకటి కాకపోతే వెతుక్కోలేక విసుక్కుంటారు. పేజీ నంబరు తర్వాత సెమీకోలన్ పెట్టి అధ్యాయం నంబరు కూడా ఇవ్వండి, ఎంఎల్ఏ దానికి ఒప్పుకుంటుంది. నెట్‌లో దొరికే కోట్స్ పేజీల నుంచి ఎత్తకండి. అక్కడ మాటలు మారిపోయి ఉంటాయి, ఒక పాత్ర మాట ఇంకో పాత్రకి అంటగట్టి ఉంటుంది.

మొదటి వారం 1 నుంచి 9, తర్వాత 16 నుంచి 25 మాత్రమే మళ్లీ చదవండి. 10 నుంచి 15 వేగంగా తిరగేస్తే చాలు, 12 తప్ప. చదువుతూ ప్రతి జతకూ ఒక కాగితం: ఎడమ పక్క మొదటి సీన్, కుడి పక్క రెండోది, కింద ‘లాభం ఎవరికి’. రెండో వారం డ్రాఫ్ట్. ముందుమాట చివర రాయండి. మూడో వారం కోతలు. ప్రతి పేరా మొదటి వాక్యాన్ని విడిగా ఒక కాగితం మీద రాసుకుని వరసగా చదివితే, అందులో ‘తర్వాత’, ‘అప్పుడు’ ఎక్కువ కనిపిస్తే ఇంకా కథే చెప్తున్నారన్నమాట. ‘అయినా’, ‘అందుకే’, ‘కానీ’ రావాలి.

ప్రెజెంటేషన్‌లో 7వ అధ్యాయంలోని ఘటనను చదివి వినిపించొద్దు, స్లయిడ్ మీదా పెట్టొద్దు. ఎదురుగా కూర్చున్న అరవై మందిలో ఎవరికి ఏ గాయం ఉందో మనకు తెలియదు. ఒక వాక్యంలో చెప్పి వాచీకి వెళ్లిపోండి. పది నిమిషాల్లో వాచీ జత ఒక్కటే పూర్తిగా చూపించండి.

రెండో_పఠనం

వైవాకి రెండు ప్రశ్నలు కచ్చితంగా సిద్ధం చేసుకోండి.

ఒకటి, యాదృచ్ఛికాలు. కాబూల్ నిండా తాలిబాన్ ఉంటే సొహ్రాబ్ సరిగ్గా ఆసెఫ్ చేతికే ఎందుకు చిక్కాడు? ‘అది విధి’ అంటే మార్కులు పోతాయి. రచయిత సౌలభ్యం కోసం పెట్టాడని ఒప్పుకోండి, ఒప్పుకుని దాని ఖరీదు చెప్పండి: పాత శత్రువుని విలన్‌గా తేవడంతో అమీర్ తన తప్పుకి జవాబు చెప్పుకునే బదులు, ఇంకొకడి దుర్మార్గంతో పోరాడే వీలు దొరికింది. దెబ్బలు కొట్టినవాడు ఆసెఫ్, పరుపు కింద వాచీ పెట్టినవాడు ఆసెఫ్ కాదు.

రెండోది, ముగింపు. అమెరికాలో ఫ్రీమాంట్ ఊళ్లో లేక్ ఎలిజబెత్ పార్కు, 2002 మార్చి, వాన పడ్డ రోజు. నెలల తరబడి మాట్లాడని సొహ్రాబ్ గాలిపటం తెగ్గొట్టాక పెదవి ఒక పక్కకి కాస్త కదులుతుంది. అమీర్ గాలిపటం వెనక పరిగెడతాడు, హసన్ తనతో అన్న ‘నీ కోసం వెయ్యిసార్లయినా’ అన్న మాట అంటూ. మాంజా, పతంగి, తెగినదాని వెనక పరుగు మన హైదరాబాద్ సంక్రాంతి చూసినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే మనవాళ్లు ఈ సీన్‌కి కరిగిపోయి ‘సుఖాంతం’ అని రాసేస్తారు. అది నవ్వు కూడా కాదు, సగం నవ్వు. దాంతో అంతా బాగైపోలేదని అమీరే అంటాడు. ఒక సంగతి ఎంతమంది గమనిస్తారో తెలియదు గానీ, మొదటి అధ్యాయం మీద ఉన్న తేదీ 2001 డిసెంబర్, ముగింపు 2002 మార్చి. అంటే కథ చెప్పడం మొదలుపెట్టే నాటికి ఆ సగం నవ్వు ఇంకా రాలేదు. ఎదురుగా ఉలకని పలకని పిల్లాడు ఉండగా ఈ మనిషి తన తప్పు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ‘అతను ఎందుకు చెప్తున్నాడు, ఎవరికి చెప్తున్నాడు’ అని అడిగితే ఈ రెండు తేదీలు చూపించండి.

ఎంఏ_ఫైనల్

తేదీలు ఇప్పుడే తీసి చూశాను, నిజమే. కొత్త థీసిస్ రేపు పోస్ట్ చేస్తాను.

మార్జిన్_నోట్సు

పోస్ట్ చేసే ముందు అమీర్ పేరు తీసేసి ఇంకో పేరు పెట్టి చదవండి. అప్పటికీ నిలబడితే మళ్లీ రాయండి.